పరుగుకు గంట ముందు కాఫీ

రేపు పొద్దున మీ ఈవెంట్స్. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిన రోజు నుంచి పరిగెడుతూనే ఉన్నారు. ప్రిలిమ్స్ గట్టెక్కారు. ఇప్పుడు గ్రౌండు వంతు. రాత్రి ఎనిమిదింటికి రూమ్‌మేట్ ఒక ఎనర్జీ డ్రింక్ డబ్బా తెచ్చి మీ బ్యాగులో పెట్టాడు. "పరుగుకు ముందు ఇది కొట్టెయ్ రా. పోయినసారి మా అన్న ఇదే తాగి క్వాలిఫై అయ్యాడు" అన్నాడు. ఇంతలో ఇంకో స్నేహితుడు ఫోన్ చేశాడు. "కాఫీ, గీఫీ జోలికి పోకు. ఒంట్లో నీళ్లన్నీ లాగేస్తుంది, పిక్కలు పట్టేస్తాయి" అన్నాడు. ఎవరి మాట వినాలి?

ఈ రాత్రికి ఇద్దరి మాటా వినకండి. ఇంతవరకు ప్రాక్టీసులో తాగి చూడని వస్తువును అసలు పరుగు రోజున మొదటిసారి తాగడమంటే, అప్పుడే కొన్న బూట్లు వేసుకుని ట్రాక్ ఎక్కడం లాంటిదే. కరవనూ వచ్చు, కరవకపోనూ వచ్చు. మీ నెలల కష్టాన్ని ఆ అదృష్టం మీద వదిలేయకండి.

అయితే మీ పరుగుకు ఇంకా నెల, నెలన్నర ఉందా? అప్పుడు ఈ అధ్యాయం మీకోసమే. కాఫీ నిజంగానే పనిచేస్తుంది. కానీ మీ రూమ్‌మేట్ చెప్పినంత కాదు, అతను చెప్పిన తీరులోనూ కాదు.

ముందు ఒక విషయం తేల్చుకుందాం. కాఫీ మీకు బలం ఇవ్వదు. పాలూ పంచదారా లేని కాఫీలో కేలరీలు దాదాపు లేనట్టే. మీ కాళ్లను నడిపించేది నిన్న రాత్రి తిన్న అన్నమూ, ఇన్ని నెలలుగా వేసిన రౌండ్లూ. మరి కాఫీలోని కెఫీన్ చేసేదేమిటి? మెలకువగా ఉన్న కొద్దీ, పని చేసిన కొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది వెళ్లి కూర్చోవలసిన చోట్లు కొన్ని ఉంటాయి. అక్కడ కూర్చోగానే 'అలసిపోయావు, ఆగు' అన్న కబురు అందుతుంది. కెఫీన్ ఆ చోట్లను తాను ఆక్రమించుకుంటుంది. దాంతో కబురు మెల్లగా వినిపిస్తుంది. మూడో రౌండులో గుండె అదే వేగంతో కొట్టుకుంటున్నా, ఊపిరి అలాగే ఎగబీలుస్తున్నా, 'ఇంకొంచెం లాగగలను' అనిపిస్తుంది. పరుగులో ఆ అనిపించడానికి చాలా విలువ ఉంది.

ఎంత విలువ? లెక్కలోకి దిగుదాం, ఎందుకంటే పొరపాట్లన్నీ ఈ లెక్క తెలియక జరిగేవే. 2018లో బ్రిటన్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. బాగా శిక్షణ పొందిన 13 మంది పరుగువీరుల చేత ఒక మైలు పందెం పరిగెత్తించారు. మైలంటే 1609 మీటర్లు, మీ 1600 మీటర్లకు దాదాపు సమానం. గంట ముందు ఒకసారి మామూలు కాఫీ, ఒకసారి కెఫీన్ తీసేసిన కాఫీ, ఒకసారి ఉత్త రంగునీళ్ల లాంటి పానీయం ఇచ్చారు. కెఫీన్ లేని కాఫీతో పోలిస్తే మామూలు కాఫీ తాగిన రోజున 1.3 శాతం వేగంగా పరిగెత్తారు. 4 నిమిషాల 39 సెకన్ల పరుగు 4 నిమిషాల 35 సెకన్లకు వచ్చింది. అంతకు ముందు 1992లో, అదీ బ్రిటన్‌లోనే, ట్రెడ్‌మిల్ మీద 1500 మీటర్లు పరిగెత్తించి చూసినప్పుడు కూడా తేడా నాలుగు సెకన్ల చిల్లరే వచ్చింది. చివరి నిమిషంలో వేగం పెంచే సత్తా కూడా కాఫీ తాగినప్పుడే ఎక్కువగా కనిపించింది.

ఇప్పుడు దీన్ని మీకు అన్వయించుకోండి. తెలంగాణ 2022 కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాల్సి ఉండేది. అంటే 435 సెకన్లు. అందులో 1.3 శాతమంటే ఆరు సెకన్ల లోపే. మీ టైమింగ్ ప్రస్తుతం 7 నిమిషాల 18 సెకన్లు అయితే, అంతా సవ్యంగా కుదిరితే కాఫీ మిమ్మల్ని గీత దాటించవచ్చు. 7 నిమిషాల 40 సెకన్లు అయితే? ఎన్ని గ్లాసులు తాగినా దాటించలేదు. మీకు కావలసింది ఇరవై అయిదు సెకన్లు. అవి గ్లాసులో దొరకవు, ట్రాక్ మీద దొరుకుతాయి. 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాల్సిన అమ్మాయిలకూ ఇదే లెక్క. ముందు వారానికి ఒక రోజు స్పీడ్ రౌండ్లు వేయండి, ఒక రోజు నెమ్మదిగా ఎక్కువ దూరం పరిగెత్తండి. కాఫీ సంగతి టైమింగ్ గీత దగ్గరికి వచ్చాక ఆలోచించండి.

దగ్గరికి వచ్చారా? అయితే పనిలోకి దిగుదాం.

1. మీ గ్లాసును తూకం వేయండి

"నేను రోజూ కాఫీ తాగుతాను" అంటారు. ఎంత తాగుతున్నారు? గ్లాసు లెక్క కాదు, కెఫీన్ లెక్క చెప్పండి. చాలామంది తడబడేది ఇక్కడే.

పరిశోధనల్లో ఎక్కువగా పనిచేసిన మోతాదు శరీర బరువులో కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల కెఫీన్. కింది అంచు నుంచే మొదలుపెట్టండి. 60 కిలోల మనిషికి కిలోకు 3 చొప్పున 180 మిల్లీగ్రాములు. కొందరికి కిలోకు 2 కూడా సరిపోతుంది, అంటే 120. ఇక 9 దాకా వెళ్తే అదనపు లాభమేమీ లేదు. చేతులు వణకడం, గుండె దడ, కడుపులో తిప్పడం మాత్రం పెరుగుతాయి.

ఇప్పుడు వంటింట్లోకి వెళ్లండి. కాఫీ పొడి ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. మన ఇళ్లలో వాడే పొడి చాలావరకు కాఫీ, చికోరీ కలిపినది. చికోరీ ఒక మొక్క వేరు. డికాక్షన్‌కు రంగూ చిక్కదనమూ ఇస్తుంది కానీ అందులో కెఫీన్ ఒక్క చుక్క ఉండదు. మన దేశ నిబంధనల ప్రకారం ఇలాంటి మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంత ఉందో ప్యాకెట్ మీద రాయాలి. 80:20 అనీ, 70:30 అనీ, 53:47 అనీ రకరకాలుగా ఉంటుంది. నల్లగా, చేదుగా, చిక్కగా ఉంది కాబట్టి స్ట్రాంగ్ అనుకుంటాం. అందులో సగం చికోరీ కావచ్చు.

గింజలోనూ తేడా ఉంది. అరకు కొండల్లో పండేది అరబికా. అందులో కెఫీన్ బరువులో సుమారు 1.2 శాతం. రోబస్టాలో దాదాపు రెట్టింపు, 2.2 శాతం దాకా. 80:20 ఫిల్టర్ పొడి 10 గ్రాములు తీసుకున్నారనుకోండి. అందులో అసలు కాఫీ 8 గ్రాములు. అది మొత్తం అరబికా అయితే 96 మిల్లీగ్రాములు, మొత్తం రోబస్టా అయితే 176. దానిలో కొంత ఫిల్టర్ అడుగున పిప్పిలోనే మిగిలిపోతుంది. ఒకే గ్లాసు, ఒకే కొలత పొడి, తేడా మాత్రం ఇంచుమించు రెట్టింపు!

అందుకే పరుగు రోజు కోసం నా సలహా ఒక్కటే, చికోరీ కలవని ఇన్‌స్టంట్ కాఫీ వాడండి. ఫిల్టర్ కాఫీ మీద నాకు ఎంతో ప్రేమ ఉంది. అయినా ఇక్కడ రుచికన్నా కొలతే ముఖ్యం. మంచి ఇన్‌స్టంట్ కాఫీలో గ్రాముకు సుమారు 30 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. నేను చెప్పిన మైలు పందెంలో వాళ్లు వాడింది కూడా కిలోకు 0.09 గ్రాముల కాఫీ. 60 కిలోల మనిషికి 5.4 గ్రాములు. బంగారం కొట్లో తూచే చిన్న కాటా మీకు దొరక్కపోవచ్చు, ఫర్వాలేదు. ఒక్క గ్రాము లేదా రెండు గ్రాముల సాషేలు కిరాణా కొట్లో దొరుకుతాయి, బరువు దాని మీదే రాసి ఉంటుంది. రెండు గ్రాములవి రెండు చించి వేస్తే 120 మిల్లీగ్రాములు వచ్చినట్టే. చికోరీ కలిపినదైతే అంతమేరకు తగ్గించి లెక్కేసుకోండి.

మరి ఎనర్జీ డ్రింక్ డబ్బా? మన నిబంధనల ప్రకారం కెఫీన్ పానీయంలో లీటరుకు 300 మిల్లీగ్రాములకు మించకూడదు. అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో గరిష్ఠంగా 75. మీ రూమ్‌మేట్ 'పవర్' అనుకుంటున్నది రెండు, మూడు గ్రాముల కాఫీ పొడికి సమానమన్నమాట. దానికి తోడు చాలా డబ్బాల్లో ఐదారు చెంచాల పంచదార, గ్యాసు. పరుగుకు ముందు గ్యాసు నింపుకున్న పొట్ట రెండో రౌండులో ఏం చేస్తుందో ఒకసారి అనుభవించినవాళ్లు మర్చిపోరు.

2. గడియారం చూసుకోండి, కానీ కంగారు పడకండి

తాగిన కాఫీ అరగంట నుంచి గంటలోపు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. అందుకే గంట ముందు అన్నది మామూలు నియమం. టీ కొట్టు దగ్గర గ్లాసు ఖాళీ చేసి పరుగున వచ్చి లైన్లో నిలబడేవాళ్లకు కెఫీన్ అందేది పరుగు అయిపోయాకే.

అయితే నియామకాల గ్రౌండులో మీ పరుగు ఎప్పుడో మీకే తెలియదు కదా? తెల్లవారుజామున నాలుగున్నరకు రమ్మంటారు. సర్టిఫికెట్లు చూస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, చెస్ట్ నంబర్ ఇస్తారు. బ్యాచ్‌ల వారీగా పిలుస్తారు. ఆరింటికి పిలవవచ్చు, తొమ్మిదింటికీ పిలవవచ్చు. మరి కాఫీ ఎప్పుడు తాగాలి?

ఇక్కడ కెఫీన్ స్వభావమే మీకు సాయం చేస్తుంది. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం కరిగిపోవడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. కాబట్టి గేటు లోపలికి వెళ్లే ముందు తాగితే, పరుగు రెండు గంటలు ఆలస్యమైనా ఎక్కువ భాగం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. 'దిగిపోయిందేమో' అన్న భయంతో ఇంకొకటి తాగకండి. దడ మొదలయ్యేది సాధారణంగా ఆ రెండో గ్లాసుతోనే. ఆలస్యమయ్యేటప్పుడు మీరు చూసుకోవలసింది కాఫీ కాదు, ఆకలి. ఒక అరటిపండో, నాలుగు ఖర్జూరాలో బ్యాగులో ఉంచుకోండి. లోపలికి బ్యాగు అనుమతించకపోతే జేబులో ఉంచుకోండి.

3. మూడుసార్లు రిహార్సల్ చేయండి

ఒకసారి తాగి పరిగెత్తి, 'అన్నా, బాగా పనిచేసింది' అనేస్తారు. ఆ రోజు చల్లగా ఉందేమో? ముందు రోజు విశ్రాంతి తీసుకున్నారేమో? పక్కన మంచి పోటీ ఉందేమో? పైగా ఇంకో చిక్కుంది. కెఫీన్ తాగామని నమ్మితేనే కొంత వేగం పెరుగుతుంది. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో సైక్లిస్టులకు కెఫీన్ లేని ఉత్త క్యాప్సూల్స్ ఇచ్చి, కెఫీన్ ఇచ్చామని చెప్పారు. ఎక్కువ మోతాదు ఇచ్చామని చెప్పినప్పుడు వాళ్లు మరింత బలంగా తొక్కారు!

అందుకని ఇలా చేయండి. నెల రోజుల్లో ఆరు టైమ్ ట్రయల్స్ పెట్టుకోండి. మూడు కాఫీతో, మూడు కాఫీ లేకుండా, ఒకటి విడిచి ఒకటి. ఒకే గ్రౌండు, ఒకే వేళ, అవే బూట్లు. ఒక నోటు పుస్తకంలో ఐదు సంగతులు రాయండి. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, ఎంత కాఫీ తాగారు, ఎన్ని నిమిషాల ముందు తాగారు, టైమింగ్ ఎంత, కడుపు ఎలా ఉంది. ఆరు పరుగులయ్యాక పుస్తకమే చెబుతుంది. మూడు కాఫీ పరుగుల సగటు మిగిలిన మూడింటికన్నా మెరుగ్గా లేదా? అయితే వదిలేయండి, చింతించకండి. కెఫీన్ అందరికీ ఒకేలా పనిచేయదు. దాన్ని కాలేయం కరిగించే వేగం పుట్టుకతో వచ్చే జన్యువుల మీద కూడా ఆధారపడి ఉంటుంది. పక్కవాడికి పనిచేసింది మీకు పనిచేయలేదంటే అది మీ లోపం కాదు.

4. కడుపు మాట వినండి

దీని గురించి ఎవరూ బాహాటంగా మాట్లాడరు, అందుకే నేను మాట్లాడతాను. చాలామందికి కాఫీ తాగిన కాసేపటికి విరేచనానికి వెళ్లాలనిపిస్తుంది. ఇంట్లో అయితే ఇబ్బంది లేదు. వేల మంది వచ్చే గ్రౌండులో, పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియని లైన్లో నిలబడినప్పుడు? ఇంటి దగ్గర తాగి, ఆ పని కూడా అక్కడే ముగించుకుని బయలుదేరగలిగితే అన్నిటికన్నా మంచిది.

పాలు ఎక్కువ పోసిన కాఫీ కొందరికి కడుపులో బరువుగా ఉంటుంది. అలాంటివాళ్లు పాలు తగ్గించండి లేదా నల్ల కాఫీ అలవాటు చేసుకోండి. పరగడుపున కాఫీ తాగితే గొంతులోకి పులుపు ఎగదన్నేవాళ్లు ముందు రెండు బిస్కెట్లో, సగం అరటిపండో తినండి. ఈ చిన్న సర్దుబాట్లన్నీ రిహార్సల్ రోజుల్లోనే తేలాలి.

అమ్మాయిలకు ఒక మాట. గ్రౌండులో టాయిలెట్ ఉంటుందో ఉండదో అన్న భయంతో చాలామంది పొద్దుటి నుంచి నీళ్లే తాగరు. ఆ ఎండిన ఒంటితో పరిగెత్తడం కాఫీ వల్ల వచ్చే ఏ లాభాన్నైనా తుడిచిపెట్టేస్తుంది. కాఫీయా, నీళ్లా అన్న ప్రశ్న వస్తే నీళ్లే తాగండి తల్లీ.

5. రాత్రిని అమ్ముకోకండి

ఈ అధ్యాయంలో ఒక్క పేజీ మాత్రమే చదివే ఓపిక మీకుంటే, ఈ పేజీ చదవండి.

మీ దినచర్య ఇలా ఉందా? పొద్దున ఐదింటికి గ్రౌండు. పగలు కోచింగ్ లేదా ఉద్యోగం. రాత్రి తొమ్మిది తర్వాత అరిథ్‌మెటిక్, రీజనింగ్, జనరల్ స్టడీస్. నిద్ర ఆపుకోవడానికి తొమ్మిదింటికి ఒక పెద్ద గ్లాసు కాఫీ. పన్నెండింటికి పడక. మళ్లీ నాలుగున్నరకు అలారం. లేవగానే కాళ్లు బరువు. ఆ బరువు దిగడానికి ఇంకో కాఫీ. ట్రాక్ మీద టైమింగ్ మెరుగుపడటం లేదు. 'దమ్ము సరిపోవడం లేదు, మోతాదు పెంచాలేమో' అన్న అనుమానం.

తొమ్మిదింటి గ్లాసులో 100 మిల్లీగ్రాముల కెఫీన్ ఉందనుకుందాం. ఐదు గంటలకు సగం అన్నాం కదా. తెల్లవారుజామున రెండింటికి, మీరు గాఢనిద్రలో ఉండాల్సిన వేళకు, ఇంకా 50 మిల్లీగ్రాములు ఒంట్లో తిరుగుతూనే ఉంటాయి. అంటే పడుకునే ముందు ఒక కప్పు టీ తాగినట్టే. 'నాకేం కాదు, తాగినా నిద్ర పడుతుంది' అంటారు కొందరు. పడుతుంది. కానీ ఎలాంటి నిద్ర? 2013లో ఒక అధ్యయనంలో పడుకునే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూస్తే, నిద్ర గంటకు పైగా తగ్గిపోయింది. పడుకునే ముందు కాదు, ఆరు గంటల ముందు.

కండరాలు తమ గాయాలు మాన్పుకునేది, పొద్దున వేసిన రౌండ్ల ఫలితం ఒంటికి పట్టేది ఎక్కువగా నిద్రలోనే. రాత్రి కాఫీతో రోజుకు గంట నిద్ర పోగొట్టుకుంటే నెలకు ముప్ఫై గంటలు. దానికి బదులుగా పరుగు రోజున కాఫీ ఇచ్చేది ఆరు సెకన్లు. ఈ బేరం మీకు గిట్టుతుందా?

కాబట్టి మధ్యాహ్నం రెండింటి తర్వాత కాఫీ, టీ, కోలా ఏదీ వద్దు. రాత్రి చదువు ఆగకుండా ఉండాలంటే ఆ చదువు వేళ మార్చి చూడండి. మధ్యాహ్నం భోజనం తర్వాత ఇరవై నిమిషాలు కునుకు తీస్తే రాత్రి పదింటి దాకా పుస్తకం ముందు కూర్చోగలుగుతారు. మొదటి మూడు నాలుగు రోజులు కష్టంగానే ఉంటుంది. వారం దాటాక పొద్దుటి గ్రౌండులో తేడా మీ కాళ్లకే తెలుస్తుంది.

గర్భనిరోధక మాత్రలు వాడే మహిళలకు కెఫీన్ ఒంట్లోంచి వెళ్లడానికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. వాళ్లు పొద్దుటి కాఫీతోనే ఆపేయడం మేలు.

6. వారం ముందు మానేయాలా?

గ్రౌండుల్లో చెలామణీలో ఉన్న సలహా ఇది. 'వారం రోజులు కాఫీ మానెయ్, అప్పుడు ఆ రోజు గట్టిగా పట్టేస్తుంది.' వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రోజూ తాగేవాళ్లకు కూడా పరుగుకు ముందు కెఫీన్ పనిచేస్తూనే ఉంటుందని సైక్లిస్టుల మీద చేసిన అధ్యయనాల్లో కనిపించింది. మానేస్తే మాత్రం ఏమవుతుందో కచ్చితంగా తెలుసు. చివరి కప్పు తర్వాత 12 నుంచి 24 గంటల్లో చాలామందికి తలనొప్పి మొదలవుతుంది. చిరాకు, మగత తోడవుతాయి. కొందరికి వారం దాకా తగ్గవు. ఆఖరి వారంలో ఆ తలపోటు మీకెందుకు? రోజుకు రెండు తాగేవాళ్లు ఆ రెండూ తాగండి. అసలు తాగనివాళ్లు ఎవరి మాటో విని కొత్తగా మొదలుపెట్టకండి.

'ఒంట్లో నీళ్లు లాగేస్తుంది' అన్న స్నేహితుడి మాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. అలవాటు ఉన్నవాళ్లకు ఒకటి రెండు కప్పుల కాఫీ ఒంట్లో నీటి కొరత తేదు. కప్పులో ఉన్న నీళ్లు కూడా మీ లెక్కలోకే వస్తాయి. పిక్కలు పట్టేయడానికి కాఫీని నిందించకండి. అయితే ఎండలో జాగ్రత్త. ఆగస్టు ఉక్కపోతలో హైదరాబాద్ మారథాన్ పరిగెత్తేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అలసట కబురును కెఫీన్ మెల్లగా వినిపించేలా చేస్తుందని చెప్పాను కదా. ఎండదెబ్బ తగలబోయే ముందు ఒళ్లు ఇచ్చే హెచ్చరిక కూడా ఒక కబురే. ఆ రోజుల్లో మోతాదు తగ్గించండి, నీళ్లూ ఉప్పూ పెంచండి.

7. వీటి జోలికి పోవద్దు

జిమ్ముల్లో 'ప్రీ వర్కవుట్' పేరుతో అమ్మే పొడులు, ఆన్‌లైన్‌లో దొరికే శుద్ధ కెఫీన్ పొడి. రెండోదాని గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ఒక టీ చెంచాడు శుద్ధ కెఫీన్ దాదాపు 28 కప్పుల కాఫీకి సమానం. వంటింటి చెంచాతో కొలిచేటప్పుడు చేయి కాస్త జారితే ప్రాణం పోవచ్చు. ఇతర దేశాల్లో అలా కుర్రాళ్లు పోయారు. ఎవరు ఇచ్చినా, ఎంత చౌకగా ఇచ్చినా ముట్టుకోకండి.

రాష్ట్ర, జాతీయ స్థాయిలో ఆడేవాళ్లు 'కెఫీన్ డోపింగ్ కాదా?' అని అడుగుతుంటారు. 2003 చివరి దాకా మూత్రంలో మిల్లీలీటరుకు 12 మైక్రోగ్రాములు దాటితే తప్పే. 2004 జనవరి 1 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా దాన్ని నిషేధిత జాబితా నుంచి తీసేసింది, ఊరికే గమనిస్తోంది. కాబట్టి కాఫీతో భయం లేదు. భయమల్లా పేరూ ఊరూ లేని పొడుల్లో కెఫీన్‌తో పాటు ఇంకేం కలిసిందో తెలియకపోవడమే.

షాట్‌పుట్, లాంగ్‌జంప్ లాంటి క్షణాల ఆటల్లో కెఫీన్ వల్ల లాభం తక్కువ, నిలకడగా కూడా ఉండదు. వాటికోసం ప్రత్యేకంగా తాగనక్కర్లేదు. షూటింగ్, విలువిద్య వాళ్లు చేయి వణుకుతుందేమో ముందు చూసుకోవాలి.

అసలు ఎవరు దూరంగా ఉండాలి? పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గుండె దడ, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు. పరీక్షంటేనే చెమటలు పట్టి ఊపిరాడనట్టు అయ్యేవాళ్లు కూడా. ఆస్తమాకు థియోఫిలిన్ వాడుతున్నా, ఇన్ఫెక్షన్‌కు సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకుంటున్నా ముందు డాక్టర్‌ను అడగండి.

ఇంకొక సంగతి ఉంది. ఇది చెప్పకుండా ఈ అధ్యాయం ముగించలేను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఒక అమ్మాయి నాలుగు నెలలుగా క్రమం తప్పకుండా గ్రౌండుకు వస్తోంది. అయినా 800 మీటర్లలో ఆయాసం తగ్గడం లేదు. కళ్ల కింద పాలిపోయి ఉంది. పక్కవాళ్లు కాఫీ తాగమంటారు, గ్లూకోజ్ తాగమంటారు. ఆమెకు కావలసింది హిమోగ్లోబిన్ పరీక్ష. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. రక్తంలో ప్రాణవాయువును మోసేదే తక్కువైనప్పుడు, అలసట కబురును కాఫీతో నొక్కేయడం ఆమెకు మేలు కాదు, హాని. పైగా భోజనంతో పాటు తాగే కాఫీ, టీ ఆ భోజనంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. తోటకూర పప్పు తిని వెంటనే టీ తాగితే ఆ ఇనుములో చాలా భాగం వృథా. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లు దాన్ని కాఫీతో అసలే మింగకూడదు. నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి. మీ ఆయాసం ఎప్పటికీ తగ్గడం లేదంటే, ఈ వారమే వెళ్లి పరీక్ష చేయించుకోండి. మిగతా ఆరు సూచనలూ ఆ తర్వాతే.

చివరగా పరుగు రోజు పొద్దున ఎలా ఉండాలో చూద్దాం. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకున్నారు. నిద్ర సరిగా పట్టకపోయినా కంగారు లేదు, ఒక్క రాత్రి కలత నిద్ర మీ నెలల ప్రాక్టీసును చెరపలేదు. మూడున్నరకు లేచారు. ఒక గ్లాసు నీళ్లు. రెండు ఇడ్లీలో, అరటిపండో, ప్రాక్టీసులో ఏది తిన్నారో అదే. రిహార్సల్‌లో తేలిన కొలత ప్రకారం కాఫీ, అదే సాషే, అదే గ్లాసు. బాత్రూమ్ పని ముగించుకున్నారు. బ్యాగులో హాల్‌టికెట్, సర్టిఫికెట్లు, నీళ్ల సీసా, ఖర్జూరాలు. రూమ్‌మేట్ పెట్టిన డబ్బా తీసి ఫ్రిజ్‌లో పెట్టేశారు. "సాయంత్రం వచ్చాక నువ్వే తాగు రా" అని చెప్పి బయలుదేరారు.

గ్రౌండులో మొదటి రౌండులో అందరూ దూసుకుపోతారు. కాఫీ తాగిన ఊపులో మీకూ దూసుకుపోవాలనిపిస్తుంది. ఆ రౌండును ప్రాక్టీసులో ఎంతలో వేశారో అంతలోనే వేయండి. మీరు తాగిన గ్లాసు అక్కరకొచ్చేది మూడో రౌండు మలుపులో.